ఆక్సిజన్ ట్యాంకు ఎందుకు పొగలు కక్కుతుంది?

2021 మే నెల. కరోనా రెండో విడత ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన రోజులు. ఆ నెలలో కొన్ని వారాలు నేను ఒక పెద్ద ఆస్పత్రి కరోనా వార్డులో డ్యూటీ చేశాను. ఒక రాత్రి రెండు గంటలప్పుడు, వేములవాడ చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయి నన్ను వరండాలోకి పిలిచాడు. వాళ్ల నాయిన లోపల మాస్కు పెట్టుకుని ఎగబోస్తున్నాడు. బయట ఆవరణలో ఇనుప కంచె వెనక తెల్లటి పెద్ద ట్యాంకు ఉంది. పక్కన ఒక ట్యాంకర్ లారీ ఆగి ఉంది. రెండింటి మధ్య పైపు దగ్గర నుంచి బుస్సుమని శబ్దం, దాని చుట్టూ తెల్లటి పొగ.

"సిస్టరమ్మా, మా నాయినకు లోపల గాలి సరిపోతలేదు. ఇక్కడ గాలినంతా ఊరికే బయటికి ఇడుస్తున్రు. గిదేం అన్యాయం?" అన్నాడు.

"అది మామూలే తమ్మీ, నువ్వు లోపలికి పో" అన్నాను. ఆ మాట అతన్ని ఊరడించలేదు. నిజం చెప్పాలంటే అంతకంటే ఎక్కువ నాకూ అప్పుడు తెలియదు. వాళ్ల నాయిన పన్నెండో రోజున కోలుకుని ఇంటికి వెళ్లాడు. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. తరువాత ఆ ట్యాంకు చూసుకునే ఆపరేటర్‌ను అడిగి, చదివి తెలుసుకున్నాను.

మా ఆస్పత్రిలో మీరు చూసేవి ఇనుప సిలిండర్లే. కానీ రోగిని ఇక్కడి నుంచి కరీంనగర్‌కో, వరంగల్‌కో, హైదరాబాద్‌కో పంపిస్తే అక్కడ మీకు ఆ తెల్లటి ట్యాంకు కనబడుతుంది. దాని నుంచి పొగ వచ్చినప్పుడు భయపడకుండా, నిజంగా భయపడవలసినప్పుడు ఆలస్యం చేయకుండా ఉండేందుకు ఈ వ్యాసం రాస్తున్నాను.

గాలి నీళ్లలా ఎలా మారుతుంది?

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 పాళ్లు ఆక్సిజన్ ఉంటాయి. ఈ గాలిని బాగా చల్లబరిస్తే అది ద్రవంగా మారుతుంది. పెద్ద ఫ్యాక్టరీలలో ఇలా ద్రవంగా మార్చి, అందులోంచి ఆక్సిజన్‌ను వేరు చేస్తారు. ఉక్కు తయారీకి ఆక్సిజన్ చాలా కావాలి కాబట్టి ఉక్కు కర్మాగారాల దగ్గర ఇలాంటి ప్లాంట్లు ఉంటాయి. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలోనూ ఉంది.

నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ద్రవ ఆక్సిజన్ సున్నాకు 183 డిగ్రీల కింద, అంటే మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ద్రవ నైట్రోజన్ ఇంకా కింద, మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మన ఇంట్లో ఫ్రిజ్‌లో ఐసు పెట్టే పై అర మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ద్రవ ఆక్సిజన్‌కు ఆ అర కూడా మండే పొయ్యితో సమానమే.

ఇంత కష్టపడి ద్రవంగా ఎందుకు మార్చాలి? చోటు కలిసి వస్తుంది కనుక. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే సుమారు 860 లీటర్ల ఆక్సిజన్ వాయువు వస్తుంది. వార్డులో మీరు చూసే నిలువెత్తు సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. అంటే ఎనిమిది లీటర్ల ద్రవంతో సమానం. ఆ సిలిండర్‌లో ఉన్న ఆక్సిజన్ బరువు తొమ్మిది కిలోల చిల్లరే. దాని కోసం యాభై అరవై కిలోల ఇనుమును దొర్లించుకుంటూ తిరుగుతాం. ఒక టన్ను ద్రవ ఆక్సిజన్ అలాంటి సిలిండర్లు వందకు పైగా నింపగలదు. వందల మంది రోగులున్న ఆస్పత్రికి ద్రవమే దిక్కు.

గ్యాస్ బండలా మూత బిగించి పెట్టకూడదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. వంట గ్యాస్ కూడా బండలో ద్రవంగానే ఉంటుంది. బండను ఊపితే లోపల కదలడం తెలుస్తుంది. దాన్ని ఎండలో పెట్టినా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, ఆవిరై పోదు. ఆక్సిజన్‌ను అలా ఎందుకు ఉంచరు?

వంట గ్యాస్ కొద్దిపాటి ఒత్తిడికే మామూలు వేడిమిలో ద్రవంగా ఉండిపోతుంది. ఆక్సిజన్ అలాంటిది కాదు. మైనస్ 118 డిగ్రీల కంటే వేడెక్కితే ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా ఉండదు. కాబట్టి దాన్ని ద్రవంగా ఉంచాలంటే చల్లదనం ఒక్కటే మార్గం.

పోనీ చల్లని ద్రవాన్ని పోసి గట్టిగా మూత బిగిస్తే? బయటి వేడికి లోపలి ద్రవం మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది. ఒక లీటరు 860 లీటర్లు కావాలని చూస్తుంది. దానికి దారి లేకపోతే ఒత్తిడి పెరిగి పెరిగి ట్యాంకు పగిలిపోతుంది. అందుకే ప్రతి ట్యాంకుకూ సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటగానే అది తెరుచుకుని కొంత వాయువును వదిలి మళ్లీ మూసుకుంటుంది. మన ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినట్టే. విజిల్ వేసే కుక్కర్‌ను చూసి అన్నం పాడవుతోందని ఎవరూ అనుకోరు కదా.

కుండ నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి?

మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. అయినా మట్టికుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తనతో పట్టుకుపోతుంది. చెమర్చని స్టీలు బిందెలో నీళ్లు వేడెక్కుతాయి.

ట్యాంకులో జరిగేదీ ఇదే. బయటి నుంచి ఎంతో కొంత వేడి లోపలికి చేరుతూనే ఉంటుంది. ఆ వేడిని తీసుకుని కొంచెం ద్రవం ఆవిరవుతుంది. అలా ఆవిరైన భాగం వేడిని మోసుకుపోతుంది కాబట్టే మిగిలినది చల్లగా, ద్రవంగా నిలుస్తుంది. ట్యాంకుకు ఫ్రిజ్‌కు ఉన్నట్టు కరెంటు మోటారు ఏమీ ఉండదు. కొంచెం పోతేనే మిగిలింది నిలుస్తుంది.

అందువల్ల ద్రవ ఆక్సిజన్‌ను బియ్యంలా బస్తాలు కట్టి, కిరోసిన్‌లా డబ్బాల్లో నింపి "అవసరానికి ఉంటుంది" అని దాచడం కుదరదు. వాడినా వాడకపోయినా అది తరుగుతూనే ఉంటుంది.

ట్యాంకు లోపల ఏముంటుంది?

ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు గడ్డను ఎలా తెస్తారో మీరు చూసే ఉంటారు. ఊకలోనో రంపపు పొట్టులోనో పొర్లించి గోనెసంచి చుడతారు. వేడిని గడ్డ దగ్గరకు రానివ్వకపోవడమే దాని ఉద్దేశం.

ఆక్సిజన్ ట్యాంకు నిజానికి ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు ట్యాంకులు. లోపలిది స్టెయిన్‌లెస్ స్టీలుది. బయటిది మామూలు ఉక్కుది, దానికే తెల్లరంగు వేస్తారు. రెండింటి మధ్య ఖాళీలో పెర్లైట్ అనే తేలికైన పొడి నింపి, గాలినంతా లాగేస్తారు. గాలి లేని చోట వేడి ప్రయాణించడం కష్టం. ఈ పద్ధతిని 1892లో జేమ్స్ డ్యూయర్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. చల్లని ద్రవ వాయువులను నిలవ ఉంచడానికే ఆయన గాజు గోడల మధ్య గాలి తీసేసిన పాత్రను చేశాడు. రోగికి మీరు ఇంటి నుంచి టీ, పాలు తెచ్చే ఫ్లాస్కు దాని నుంచి పుట్టినదే.

అంత మంచి ఫ్లాస్కులో పోసిన టీ కూడా మరునాటికి చల్లారుతుంది. వేడిని పూర్తిగా ఆపగల గోడ లేదు. ట్యాంకుదీ అదే కథ.

ఎంత పోతుంది?

మంచి స్థితిలో ఉన్న పెద్ద ట్యాంకులో రోజుకు నూటికి ఒక పాలు కూడా పోదు. అందులో మూడో వంతో నాలుగో వంతో ఆవిరవుతుంది. పది వేల లీటర్ల ట్యాంకులో రోజుకు 30 లీటర్ల ద్రవం ఆవిరైందనుకుందాం. 30 లీటర్లంటే తక్కువే అనిపిస్తుంది. కానీ అది సుమారు 25,800 లీటర్ల వాయువు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టిన రోగికి ఒక రోజుకు 7,200 లీటర్లు కావాలి. అంటే ముగ్గురు రోగులకు ఒక రోజంతా సరిపోయే ఆక్సిజన్.

ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. ఆస్పత్రిలో రోగులకు ఆక్సిజన్ నడుస్తున్నప్పుడు, ఇలా తనంతట తాను ఆవిరైన వాయువును ముందుగా వార్డుల పైపులోకి పంపే ఏర్పాటు ట్యాంకుకు ఉంటుంది. అప్పుడు అది వృథా కాదు, రోగి ముక్కులోకే పోతుంది. వాడకం లేక ట్యాంకు ఊరికే నిలిచి ఉన్నప్పుడే సేఫ్టీ వాల్వు నుంచి బయటికి పోతుంది. కాబట్టి నష్టం ఎక్కువగా జరిగేది రద్దీగా ఉన్న ఆస్పత్రిలో కాదు. అవసరానికి మించి పెద్ద ట్యాంకు పెట్టుకుని, వాడకం లేకుండా ఉంచిన చోట.

చిన్న క్యాను, పెద్ద ట్యాంకు

పెద్ద ఐసు గడ్డ సాయంత్రం దాకా నిలుస్తుంది. దాన్నే పగలగొట్టి ముక్కలు చేస్తే గంటలో నీళ్లవుతుంది. ముక్కలు చేసినకొద్దీ ఎండ తగిలే పైభాగం పెరుగుతుంది. ద్రవ వాయువులకూ ఇదే లెక్క. నూట ఎనభై, రెండు వందల లీటర్లు పట్టే చిన్న ద్రవ సిలిండర్లలో రోజుకు నూటికి ఒకటి రెండు పాళ్లు ఆవిరవుతుంది. పెద్ద ట్యాంకు కంటే కొన్ని రెట్లు ఎక్కువ.

ఈ సంగతి పాడి పశువులున్న ఇళ్లకు బాగా తెలుసు. ఆవో గేదో ఎదకు వచ్చిందని కబురు పెడితే గోపాలమిత్ర బండి మీద ఒక క్యాను పెట్టుకుని వస్తాడు. మూత తీయగానే తెల్లటి పొగ పైకి లేస్తుంది. అందులో ఉన్నది మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. మేలుజాతి కోడెల వీర్యాన్ని సన్నటి గొట్టాలలో నింపి అందులో ముంచి ఉంచుతారు. కరీంనగర్‌లో ఇలా వీర్యాన్ని ఘనీభవింపజేసి నిలవ చేసే కేంద్రం ఉంది. నైట్రోజన్‌లో మునిగి ఉన్నంత కాలం ఆ గొట్టం ఏళ్ల తరబడి పాడు కాదు. కానీ క్యానులో నైట్రోజన్ రోజూ తరుగుతుంది. మూత తీసిన ప్రతిసారీ ఇంకా తరుగుతుంది. సమయానికి తిరిగి నింపకపోతే లోపలి గొట్టాలు చెడిపోతాయి. చూడటానికి మాత్రం అలాగే ఉంటాయి. పశువు చూలు కట్టనప్పుడే తెలుస్తుంది.

ఆస్పత్రి ట్యాంకుకూ ఆ క్యానుకూ ఒకటే నియమం. ఎంత ఉందో రోజూ చూడాలి, అయిపోకముందే నింపాలి.

దారిలో ఏమవుతుంది?

ఫ్యాక్టరీ నుంచి ఆస్పత్రికి చేరేలోగా మూడు చోట్ల తరుగు వస్తుంది.

మొదటిది నింపేటప్పుడు. ఎండలో 40 డిగ్రీలు వేడెక్కి ఉన్న పైపులోకి మైనస్ 183 డిగ్రీల ద్రవం వస్తే, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుర్రుమని ఆవిరవుతుంది. పైపు చల్లబడేదాకా అంతే. ఖాళీ అయి వేడెక్కిన ట్యాంకర్‌ను తిరిగి నింపేటప్పుడూ ముందుగా దాన్ని చల్లబరచడానికే కొంత ఖర్చవుతుంది. అందుకే ట్యాంకర్‌ను పూర్తిగా ఊడ్చకుండా అడుగున కొంచెం ద్రవం ఉంచుతారు.

రెండోది ప్రయాణంలో. ఎండ, దారి కుదుపులు, లోపల ద్రవం అటూ ఇటూ ఊగడం వల్ల ఆవిరి పెరుగుతుంది. డ్రైవర్ ఒత్తిడి మీటరు చూసుకుంటూ రావాలి. ఎన్ని గంటలు ఆలస్యమైతే అంత తరుగు.

మూడోది దింపేటప్పుడు. మళ్లీ పైపు చల్లబరచాలి, పని అయ్యాక పైపులో మిగిలినది వదిలేయాలి.

2021లో దేశమంతా ఆక్సిజన్ కోసం పరుగులు పెట్టినప్పుడు కొరత రెండు రకాలుగా వచ్చింది. ఒకటి ఆక్సిజన్ కొరత, రెండోది దాన్ని మోసే ట్యాంకర్ల కొరత. ఇంతటి చల్లదనాన్ని పట్టి ఉంచే ట్యాంకర్లు దేశంలో పరిమితంగానే ఉండేవి. మామూలు నీళ్ల ట్యాంకరో పాల ట్యాంకరో దీనికి పనికిరాదు. నైట్రోజన్, ఆర్గాన్ మోసే ట్యాంకర్లను కూడా మార్పులు చేసి ఆక్సిజన్‌కు వాడవలసి వచ్చింది. ఉక్కు కర్మాగారాలేమో తూర్పున ఒడిశా, జార్ఖండ్ వైపు, రోగులేమో దేశమంతటా.

ఆ ఏప్రిల్ 23న మన రాష్ట్రం ఖాళీ ట్యాంకర్లను హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయం నుంచి వాయుసేన విమానాలలో ఒడిశాకు పంపింది. ఖాళీవి ఎందుకు, నింపినవే విమానంలో తేవచ్చు కదా అని అప్పుడు చాలామంది అడిగారు. ఇప్పటిదాకా చదివారు కాబట్టి జవాబు మీకే తెలుస్తుంది. నిండిన ట్యాంకర్ వాయువును వదులుతూ ఉంటుంది. మూసి ఉన్న విమానంలో ఆక్సిజన్ పెరిగితే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే పోయేటప్పుడు ఆకాశంలో, వచ్చేటప్పుడు నేల మీద. పోయే దారిలో కలిసొచ్చిన రోజులు కూడా ప్రాణాలు నిలబెట్టేవే.

రైల్వే వారు ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు నడిపారు. మొదటిది ఏప్రిల్ 19న ముంబయి దగ్గరి కలంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లతో బయలుదేరి విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపుకుని మహారాష్ట్రకు తిరిగి వెళ్లింది. లారీలను అలాగే రైలు మీదికి ఎక్కించి తీసుకువెళ్లారు. మే మొదట్లో ఒడిశాలోని అంగుల్ నుంచి హైదరాబాద్ సనత్‌నగర్‌కు అలాంటి రైలు వచ్చింది.

ఒత్తిడి పడిపోతే

వార్డులో గోడకు ఉన్న ఆక్సిజన్ పాయింటు దాకా వాయువు ఒక నిర్ణీత ఒత్తిడితో రావాలి. ట్యాంకులో ద్రవం అడుగంటినా, ఎక్కడో పెద్ద లీకు వచ్చినా ఆ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నవారికి నిమిషాలే గడువు.

2021 ఏప్రిల్ 21న మహారాష్ట్రలోని నాసిక్‌లో ఒక ఆస్పత్రి ట్యాంకు దగ్గర ద్రవ ఆక్సిజన్ లీకై సరఫరా ఒత్తిడి పడిపోయింది. ఇరవై మందికి పైగా రోగులు చనిపోయారు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై ఒత్తిడి తగ్గినప్పుడు 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. ఆ వార్త విన్న రాత్రి మా వార్డులో ఎవరం కూర్చోలేదు. ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు వెళ్లి మీటరు చూసి వచ్చారు.

ఆ తరువాత చాలా ఆస్పత్రులలో గాలి నుంచి అక్కడికక్కడే ఆక్సిజన్ తీసే ప్లాంట్లు పెట్టారు. వీటిలో ద్రవం ఉండదు, ట్యాంకర్ కోసం ఎదురుచూడనక్కరలేదు. కానీ కరెంటు ఉండాలి, మిషను బాగుండాలి. ఇందులో వచ్చే ఆక్సిజన్ నూటికి 93 పాళ్ల దాకా ఉంటుంది. ద్రవం నుంచి వచ్చేది 99 పాళ్లకు పైన. అందుకే జాగ్రత్త ఉన్న ఆస్పత్రి ఒక్కదాన్నే నమ్ముకోదు. ట్యాంకు, ప్లాంటు ఉన్నా పక్కన కొన్ని సిలిండర్లు నింపి ఉంచుకుంటుంది. ఇనుప సిలిండర్‌లో ఉన్నది వాయువే కాబట్టి వాల్వు సరిగ్గా ఉంటే నెలల తరబడి తరగకుండా ఉంటుంది.

ఏ పొగ మామూలు? ఏ పొగ ప్రమాదం?

ముందుగా ఒక మాట. ఆక్సిజన్ వాయువు కంటికి కనిపించదు. మీరు చూసే తెల్లటి పొగ ఆక్సిజన్ కాదు. చలికాలం తెల్లవారుజామున మన నోటి నుంచి పొగ వచ్చినట్టు, చల్లదనానికి బయటి గాలిలోని తేమ మంచుగా మారి అలా కనబడుతుంది.

1. ట్యాంకు పక్కన రెక్కల్లాంటి అల్యూమినియం గొట్టాల వరుస ఉంటుంది. ద్రవం వాటిలోంచి పోతూ బయటి గాలి వేడికి వాయువుగా మారి వార్డులకు చేరుతుంది. అందుకే వాటి మీద తెల్లగా మంచు పేరుకుని చుట్టూ పొగ ఉంటుంది. ఇందులో నష్టం ఏమీ లేదు. ఎంత ఎక్కువ వాడకం ఉంటే అంత మంచు.

2. ట్యాంకర్ నింపుతున్నప్పుడు బుస్సుమనే శబ్దం, పొగ వస్తాయి. కొంత తరుగు ఉంటుంది. అది తప్పనిది. ఆ సమయంలో దగ్గరకు వెళ్లవద్దు.

3. ట్యాంకు పైనుంచి అప్పుడప్పుడు కొద్దిసేపు బుస్సుమని ఆగిపోతే అది సేఫ్టీ వాల్వు. మామూలే.

4. నింపే పని లేకుండా నేల మీద పాకుతూ దట్టమైన పొగ ఆగకుండా వస్తుంటే, లేదా ట్యాంకు బయటి గోడ మీదే మంచు పేరుకుంటే అది మామూలు కాదు. దూరంగా జరగండి. దగ్గరలో బీడీ, సిగరెట్ ఆర్పించండి. మోటారు సైకిల్ స్టార్ట్ చేయవద్దు. వెంటనే ఆస్పత్రి సిబ్బందికి చెప్పండి.

మీరు చేయవలసినవి

- రోగి పక్కన గోడకు ఉన్న గాజు గొట్టంలో చిన్న బంతి తేలుతూ ఉంటుంది. అది ఏ అంకె దగ్గర ఉందో నర్సును అడిగి గుర్తుపెట్టుకోండి. అది దానంతట అదే కిందికి దిగితే వెంటనే పిలవండి. నాబ్ మీరు తిప్పవద్దు.

- వేలికి పెట్టే మిషన్‌లో 100 రావాలని ఆక్సిజన్ పెంచమని అడగవద్దు. చాలామందికి 92 నుంచి 96 మధ్య ఉంటే చాలు. ఏళ్లుగా పొగ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి 88 నుంచి 92 మధ్యే ఉంచుతారు. వారికి ఎక్కువ ఆక్సిజన్ హాని చేస్తుంది. ఎంత ఉండాలో డాక్టరు గారు చెబుతారు.

- అన్నం తినిపించడానికి మాస్కు తీయవలసి వస్తే ముందు నర్సుకు చెప్పండి. తీసిన మాస్కును నడుస్తుండగానే పరుపు మీద పడేయవద్దు. ఆక్సిజన్ వృథా అవుతుంది, దుప్పట్లలోకి చేరి నిప్పు అంటుకునే ప్రమాదం పెరుగుతుంది.

- ఆక్సిజన్ దగ్గర బీడీ, అగరుబత్తి, దీపం, కొవ్వొత్తి వద్దు. ప్రార్థనకైనా పూజకైనా బయట వెలిగించండి. ఆక్సిజన్ తనంత తాను మండదు. కానీ మండే దాన్ని పదింతలు మండిస్తుంది.

- నూనె, గ్రీజు అంటిన చేతులతో సిలిండర్ వాల్వు ముట్టుకోవద్దు.

- మంచు పట్టిన పైపులను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. చర్మం అతుక్కుని కాలినట్టే గాయం అవుతుంది. అలా జరిగితే రుద్దవద్దు. గోరువెచ్చని నీళ్లు పోస్తూ డాక్టరుకు చూపించండి.

- ద్రవ నైట్రోజన్ క్యానును పడుకునే గదిలో పెట్టవద్దు. అద్దాలు బిగించిన కారులో తీసుకుపోవద్దు. ఆవిరైన నైట్రోజన్ గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. వాసన ఉండదు కాబట్టి మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది.

- ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోమని డాక్టరు చెబితే మీకు ఇచ్చేది ఇనుప సిలిండరో, కరెంటుతో గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సెంట్రేటరో అయి ఉంటుంది. రెండింటిలోనూ ద్రవం ఉండదు. అవసరం తీరాక సిలిండర్‌ను ఇంట్లో దాచుకోకుండా తిరిగి ఇచ్చేయండి. ఇంకొకరికి అక్కరకు వస్తుంది.

ఆ అబ్బాయి ఈ పుస్తకం చదువుతాడో లేదో తెలియదు. చదివితే ఆ రాత్రి చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతాను. తమ్మీ, నువ్వు చూసింది అన్యాయం కాదు. ఆ రాత్రి ట్యాంకర్ వచ్చి ట్యాంకు నింపింది. పైపు చల్లబడటానికి పోయిన ఆ కొంచెం పోకపోతే మిగిలిన టన్నులు లోపలికి చేరేవి కావు. మీ నాయిన తెల్లవారేదాకా పీల్చింది ఆ ట్యాంకులో నింపినదే. అయినా నువ్వు అడగడం మంచిదే. పొగ కనబడితే, శబ్దం వినబడితే అడగండి. జవాబు చెప్పడం మా పని.